అరుంధతికి అసత్యపు ఆలంబన మేల?

వివాహముల ఋతువు వచ్చినంతనే ఒక సందేశము వాట్సాప్‌లో చేతులు మారుచుండును. ఆకాశములోని జంట నక్షత్రములన్నింటిలో ఒకటి స్థిరముగా నిలువగా రెండవది దాని చుట్టు తిరుగుననియు, అరుంధతీ వసిష్ఠులు మాత్రమే ఒకరి చుట్టు ఒకరు పరిభ్రమింతురనియు, దంపతుల సమానత్వమును సూచించుటకే మహర్షులు ఈ దర్శనమును విధించిరనియు, ఆధునిక శాస్త్రజ్ఞులు దీనిని నిన్న మొన్ననే కనుగొనిరనియు అందలి సారాంశము. కల్యాణమండపములలో మైకు పట్టుకొని దీనిని వ్యాఖ్యానించు పురోహితులును కలరు. సభవారు కరతాళధ్వనులు చేయుదురు. అందులో చెప్పిన ఖగోళము తప్పు. ఋషులకు అంటగట్టిన మాట ఋషివాక్యములలో లేదు. అట్టిదానిని వేదమాతకు ఆభరణముగా తొడుగుట భక్తి యెట్లగును?

ముందుగా ఖగోళమును విచారింతము. ఒక నక్షత్రము కదలక నిలిచియుండగా మరియొకటి దానిని చుట్టుట అనునది ఎక్కడను లేదు. ఆకర్షణచే బద్ధములైన ఏ రెండు నక్షత్రములైనను తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రము చుట్టు రెండును తిరుగును. విలియం హెర్షెల్ తన దూరదర్శినితో ఏండ్లతరబడి జంటలను కొలిచి, 1803లో పునర్వసువులోని కాస్టర్ మొదలగు జంటలు నిజముగానే పరస్పరము పరిభ్రమించుచున్నవని ప్రకటించెను. కాబట్టి సందేశము అరుంధతీ వసిష్ఠులకు మాత్రమే కట్టబెట్టిన విశేషము జంట నక్షత్రములన్నింటికిని సామాన్యధర్మము. వింత యేమనగా, ఆ సామాన్యధర్మము నిశ్చయముగా కలదని చెప్పుటకు వీలులేని జంటలలో అరుంధతీ వసిష్ఠులే యొకటి. వారు మన నుండి సుమారు 80 కాంతిసంవత్సరముల దూరమున, ఆకాశమున ఒకే దిక్కుగా కలిసి సాగుచున్నారు. ఒకరితో నొకరు ఆకర్షణచే బద్ధులైయుండవచ్చునని పలువురు ఖగోళజ్ఞులు తలంతురు. అట్లయినను ఒక్క ఆవృత్తికి లక్షల సంవత్సరములు పట్టును. ఆ ప్రదక్షిణమును ఏ నేత్రమును, ఏ యంత్రమును ఇంతవరకు చూడలేదు.

దీనిని ఎవరి మాటపైననో నమ్మవలసిన పనిలేదు. పెరటిలో చిన్న దూరదర్శిని నిలుపుకొన్న ఎవరైనను తమ కంటితో కొంత తేల్చుకొనవచ్చును. సప్తర్షిమండలపు తోకలో చివరినుండి రెండవది వసిష్ఠుడు. పాశ్చాత్యులు మిజార్ అందురు. దాని ప్రక్కన 12 కలల దూరమున మినుకుమను చుక్క అరుంధతి, ఆల్కార్. కంటిచూపు బాగుగా ఉన్నవానికి పరికర మక్కరలేదు. అరవై మిల్లీమీటర్ల కటకముగల దూరదర్శినిని నలువది, ఏబది రెట్ల వృద్ధిలో వసిష్ఠునిపై నిలిపినచో అసలు ఆశ్చర్యము కనబడును: వసిష్ఠుడే రెండుగా విడిపోవును! రెండును తెల్లనివే, ఒకటి కొంచెము మందము. వాని నడుమ ఎడము 14 వికలలు మాత్రమే, అనగా చంద్రబింబపు వ్యాసములో నూరవ వంతు కూడ కాదు. అదే దృశ్యవలయములో దూరముగా అరుంధతి నిలిచియుండును. ఈ ముగ్గురితో పాటు మరియొక మసక చుక్కయును అక్కడ కనబడును. 1722లో లీబ్‌నెక్ట్ అను జర్మను పండితుడు దానిని క్రొత్త గ్రహమని భ్రమించి తన ప్రభువు పేరు పెట్టెను. అది వెనుక ఎంతో దూరమున నున్న నక్షత్రము మాత్రమే. ఏలినవారిని మెప్పించుటకు ఆకాశమును వాడుకొను చాపల్యము ఒక్క దేశమునకు పరిమితము కాదు.

వసిష్ఠుని ఈ విభాగమును గెలీలియో మిత్రుడైన కస్తెల్లీ చూచి తెలుపగా గెలీలియో 1617లో కొలిచెను. 1889లో వర్ణపటమును పరీక్షించిన పికరింగ్, ఆ రెంటిలో పెద్దది మరల రెండని ప్రకటించెను. అవి ఇరువది దినములన్నరకు ఒకమారు తిరుగును. పిమ్మట చిన్నదియు జంటయేయని తేలినది. 2009లో అరుంధతికిని ఒక ఎఱ్ఱని మరుగుజ్జు సహచరి కనబడినది. నేటి లెక్కలో వసిష్ఠుడు నలుగురు, అరుంధతి ఇద్దరు. దాంపత్యమునకు నక్షత్రముల పరిభ్రమణమే ఉపమానమని పట్టుబట్టువారు ఈ ఆరుగురిని వధూవరులకు ఎట్లు వివరింతురు?

ఇక ఋషుల ప్రసక్తి. "మహర్షులు దివ్యదృష్టితో చూచిరి, గ్రంథములో వ్రాయలేదు" అని కొందరందురు. వ్రాయనిదానిని వ్రాసినట్లు ప్రచారము చేయుటకు ఆ సమాధానము చాలదు. పైగా వ్రాసినదే దీనికి విరుద్ధముగా నున్నది. భీష్మపర్వములో వ్యాసభగవానుడు ధృతరాష్ట్రునకు ఉత్పాతములను చెప్పుచు, పతివ్రతయని లోకత్రయము కొనియాడు అరుంధతి వసిష్ఠుని తన వెనుకకు నెట్టినదని ఒక దుర్నిమిత్తమును పేర్కొనెను. ఇద్దరును ఒకరి చుట్టు ఒకరు తిరుగుదురన్నది సంప్రదాయమునకు తెలిసిన విషయమే అయినచో, ఒకప్పుడు ఆమె ముందు, మరియొకప్పుడు ఆయన ముందు ఉండుట సహజము కావలెను. సహజమైనది కులక్షయమును సూచించు ఉత్పాతమెట్లగును? బృహత్సంహితలో సప్తర్షుల స్థానములను వరుసగా చెప్పిన వరాహమిహిరుడు అరుంధతి వసిష్ఠమునిని ఆశ్రయించియున్నదనియే చెప్పెను. అక్కడను పరిభ్రమణపు మాట లేదు.

ప్రమాణవ్యవస్థ తెలిసినవారికి ఈ చిక్కు రాకూడదు. వేరు ప్రమాణములచే తెలియరానిదానిని తెలుపుటయే శ్రుతి కృత్యము. నక్షత్రముల గతి ప్రత్యక్షమునకు, గణితమునకు గోచరము. నూరు శ్రుతులు అగ్ని చల్లనిదని చెప్పినను ప్రమాణము కాజాలవని గీతాభాష్యములో శంకరభగవత్పాదులు వ్రాసిరి. అంతటివారు శ్రుతికే గీచిన హద్దును ఒక వాట్సాప్ సందేశము దాటవచ్చునా?

శాస్త్రమును నేటి విజ్ఞానమునకు ముడివేయుటలో మరియొక ప్రమాదము కలదు. 1855లో మద్రాసు వేధశాలాధిపతి జేకబ్, 70 ఒఫియూకి అను జంట నక్షత్రపు గతిలో తేడాను చూచి, అక్కడ ఒక గ్రహము ఉండవచ్చునని ప్రకటించెను. తరువాతి పరిశీలనలు దానిని నిలువనీయలేదు. విజ్ఞానమునకు దానివలన హాని కలుగలేదు. తప్పును దిద్దుకొని ముందుకు నడిచినది. ఆనాడు ఎవరైనను ఒక మంత్రమును తెచ్చి ఆ గ్రహమునకు ముడివేసియున్నచో, గ్రహముతో పాటు మంత్రమును పరిహాసపాత్రమయ్యెడిది. నేటి బాలురకు దూరదర్శినులు అందుబాటులోనే ఉన్నవి. పదునాలుగేండ్ల పిల్లవాడు మేడపై అరగంటలో ఈ సందేశపు బూటకమును కనిపెట్టగలడు. వాడు అంతటితో ఆగునా? సూత్రమును, హోమమును, వాటిని చెప్పిన తాతగారిని కూడ అదే త్రాసులో వేయును. అప్పుడు వానిని నాస్తికుడని నిందించువారు, సందేశమును పంపినది ఎవరో తలచుకొనవలెను.

అరుంధతిని పట్టుకొని వేదాంతము చెప్పదలచినచో పెద్దలు ఇచ్చిన స్థూలారుంధతీ న్యాయమే ఉన్నది. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు ముందు ప్రక్కనున్న పెద్ద చుక్కను అరుంధతియని చూపి, దృష్టి అక్కడ నిలిచిన పిమ్మట దానిని త్రోసిపుచ్చి అసలు అరుంధతిని చూపును. బ్రహ్మసూత్రముల ఈక్షత్యధికరణములో, ప్రధానమును 'సత్' అని ముందు చెప్పి పిదప విడిచినట్లు శ్రుతిలో లేదని నిరూపించుటకు భాష్యకారులు దీనిని ఉదాహరించిరి. దూరదర్శిని వాడువారును నేటికి ఇట్లే చేయుదురు: మసక చుక్కను వెదుకుటకు ముందు ప్రక్కనున్న కాంతివంతమైన చుక్కపై గురి నిలిపి, అక్కడినుండి మెల్లగా జరుగుదురు. ఈ న్యాయమునకు కల్పితభౌతికము ఏమాత్రము అవసరము లేదు.

విధి సంగతియు చూడవలెను. నక్షత్రములు ఉదయించిన పిమ్మట తూర్పునకు గాని ఉత్తరమునకు గాని బయలువెడలి ధ్రువుని, అరుంధతిని చూపవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము. పట్టపగలు షామియానా క్రింద నిలిచి పైకి వ్రేలు చూపుట ఏ సూత్రము? వైశాఖ జ్యేష్ఠములలో రాత్రి తొమ్మిది గంటలకు సప్తర్షులు ఉత్తరమున ఎత్తుగా నిలిచియుందురు. అప్పుడు మేడపైకి కొనిపోయి, కంటికి ఆనని వృద్ధులకు దూరదర్శినిలో చూపినను దోషము లేదు. నాలుగంగుళముల పరికరమైనచో ధ్రువుని ప్రక్కన 18 వికలల ఎడముననున్న మసక తోడును కనబడును. కార్తీక మార్గశిర లగ్నములలో మన ప్రాంతమున సాయంకాలము అరుంధతి క్షితిజము క్రిందనే ఉండును. అర్ధరాత్రి గడిచినగాని పైకి రాదు. అంతవరకు మేలుకొనలేనివారిని ఉత్తరాభిముఖముగా నిలిపి, నక్షత్రము ఇంకను ఉదయింపలేదని ఉన్నమాట చెప్పి, మంత్రము చదివి నమస్కరింపజేయవచ్చును. అగ్నిసాక్షిగా ఒకటైన వధూవరులను "కనబడినదా?" అని అడిగి, కనబడనిదానిని కనబడినదని వారి నోట పలికించుటను మాత్రము పురోహితులు మానవలెను.