సొదొమ పేరు ఎవరికి పెడుతున్నాం?



ఈమధ్య పాస్టర్ల గ్రూపుల్లోనూ యవనస్థుల గ్రూపుల్లోనూ ఒక ఫార్వర్డు తెగ తిరుగుతోంది. భూటాన్ అనే బౌద్ధ దేశంలో మన మందిరాలకు గుర్తింపు లేదట, సువార్త చెబితే జైలట, స్వలింగ సంపర్కులకు మాత్రం పక్కనే గైడును పెట్టి కొండలు, మఠాలు తిప్పి చూపించే ప్రత్యేక టూర్లున్నాయట. కింద అగ్ని కురుస్తున్న సొదొమ బొమ్మ. దాని కింద వరుసగా ఆమేన్లు. మన సంఘస్థులు నలుగురైదుగురు అది నాకు పంపి, "అయ్యగారూ, దీనిమీద గట్టిగా ఒక వాక్యం రాయండి" అన్నారు. రాస్తున్నాను. మీరు కోరిన గట్టిదనం ఇదేనో కాదో చదివి చెప్పండి.

ముందు అందులో నిజమెంతో చూద్దాం. భూటాన్‌లో క్రైస్తవ సంఘాలకు ప్రభుత్వ గుర్తింపు లేదన్నది నిజమే. బలవంతంగా గాని ఆశపెట్టి గాని మతం మార్చడాన్ని 2008 నాటి వాళ్ల రాజ్యాంగం ఒప్పుకోదు. 2011లో దాన్ని శిక్షాస్మృతిలోకీ ఎక్కించారు. అక్కడి విశ్వాసులు ఇళ్లలో కూడుకొని ప్రార్థించుకుంటారు. రెండో సంగతీ నిజమే. ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో కలిసి బతికితే నేరమనిపించేలా 2004 శిక్షాస్మృతిలో 213, 214 సెక్షన్లు ఉండేవి. 2020 డిసెంబరులో పార్లమెంటు రెండు సభలూ కలిసి కూర్చొని వాటిని సవరించాయి, 2021 ఫిబ్రవరిలో రాజు సంతకం పెట్టారు. 2022లో మిస్ భూటాన్ అయిన తాషీ చోదెన్ తాను అలాంటి మనిషినేనని దాచకుండా చెప్పింది. ఆ ప్రయాణికుల కోసం టూర్లు వేసే కంపెనీలూ ఉన్నాయి.

అయితే ఆ కంపెనీలు చెప్పే మాటలన్నీ నమ్మక్కర్లేదు. బౌద్ధ దేశం గనుక అక్కడ ఎవరినీ ఎవరూ తప్పు పట్టరని ప్రకటనల్లో వేస్తారు. బౌద్ధ భిక్షువుల నియమాల్లో ఇలాంటి వాటికి గట్టి నిషేధాలే ఉన్నాయి. దలైలామా 1997లో అమెరికాలో మాట్లాడుతూ, బౌద్ధ దృష్టిలో ఇది తప్పు నడతేనని అన్నారు. మొన్న మొన్నటిదాకా నేరంగా పెట్టిన దేశమే కదా. ఇక డబ్బు సంగతి. ఆ దేశంలో విదేశీ ప్రయాణికుడు రాత్రికి 100 డాలర్లు సర్కారుకే కట్టాలి. హోటలు, తిండి, గైడు ఖర్చు వేరే. మనబోటి భారతీయులకైతే రాత్రికి 1,200 రూపాయలు. ఆ 100 డాలర్లంటే ఉపాధి పనికి పోయే మన అక్కలు నెల నాళ్లు మట్టి మోస్తే వచ్చే డబ్బు. డాలరు తెచ్చినవాడిని ఏ కంపెనీ అయినా దండ వేసి పిలుస్తుంది. దాన్ని ప్రేమ అనుకునేంత అమాయకులం కాము. ఈ టూర్లమీద నాకున్న ఆక్షేపణ ఇదే, ఫార్వర్డు రాసినవాళ్లకు ఇది తట్టనే లేదు.

ఒక మనిషికి ప్రయాణం చేయడానికి ప్రత్యేక కంపెనీ ఎందుకు కావలసి వచ్చిందని ఎవరైనా అడిగారా? అమెరికాలో 1936లో విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఏ ఊళ్లో ఏ హోటలు నల్లవాళ్లకు గది ఇస్తుంది, ఏ బంకు పెట్రోలు పోస్తుంది, ఎక్కడ భోజనం పెడతారు అన్న జాబితా అది. ముప్పై ఏళ్ల దాకా వేస్తూనే ఉన్నారు. ఆదివారం నిండుగా గుడికి పోయే ఊళ్లలోనే ఆ జాబితా అవసరం పడింది. అందరి తలుపులూ తెరిచి ఉంటే అలాంటి పుస్తకం కొనేవాడెవడు? ఈ టూర్లూ అంతే. ఇద్దరు మగవాళ్లు ఒక గది అడిగితే కౌంటరు దగ్గర వెకిలి నవ్వు నవ్వేవాళ్లు ఉన్నంత కాలం, నవ్వమని హామీ ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లూ ఉంటారు.

మన పెద్దలకు ఇది కొత్త కథ కాదు. టీ కొట్టులో వేరే గ్లాసు, చూరుకు వేలాడదీసిన గ్లాసు, తాగి కడిగి పెట్టాల్సిన గ్లాసు మన తాతల నోట విన్నదే. టౌనులో ఇల్లు అద్దెకు అడిగితే మొదట పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత "మీరేమిట్లు?" అని అడగడం ఇప్పటికీ ఉంది. ఎవరు గ్లాసు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో మన ఇళ్లలో మూడు తరాలుగా గుర్తుంది.

ఇప్పుడు సొదొమకు వద్దాం, బొమ్మ వేశారు కాబట్టి. ఆదికాండము 18, 19 అధ్యాయాలు విడదీయకుండా ఒకేసారి చదవండి. 18లో మధ్యాహ్నపు ఎండలో అబ్రాహాము ఎవరో తెలియని ముగ్గురికి ఎదురు పరుగెత్తాడు. కాళ్లకు నీళ్లు, చెట్టు నీడ, రొట్టె, దూడ మాంసం. 19లో ఆ ప్రయాణికుల్లో ఇద్దరు ఒక ఊరికి చేరితే, ఊరంతా కలిసి ఆ అతిథులను చెరచాలని తలుపు విరగ్గొట్టబోయింది. అది పరదేశిమీద దౌర్జన్యం. యెహెజ్కేలు 16:49లో దేవుడు సొదొమ దోషం లెక్క చెప్పినప్పుడు గర్వం, కడుపునిండా తిండి, నిశ్చింత, దీనునికి చెయ్యి అందించకపోవడం అని వరుసగా చెప్పాడు. 50వ వచనంలో హేయమైన పనుల మాట కూడా ఉంది, దాన్ని నేను దాచను. మీరు 49ని దాచకండి. మన ప్రభువు మత్తయి 10లో సొదొమ పేరు ఎత్తింది కూడా తన శిష్యులను చేర్చుకోని ఊళ్ల గురించే.

న్యాయాధిపతులు 19 చూడండి. అదే గొడవ, అదే తలుపు, అదే అల్లరి మూక. ఊరు మాత్రం గిబియా, మనుషులు ఇశ్రాయేలీయులు. రాత్రంతా చెరచబడి గడపమీద చేతులు పెట్టి పడిపోయింది ఒక స్త్రీ. ఇన్నేళ్లుగా కన్వెన్షన్లలో ప్రసంగాలు వింటున్నాను, "గిబియా పాపం" అని అరిచిన ప్రసంగీకుడు ఒక్కడూ నాకు తగల్లేదు. బయటివాళ్ల ఊరి పేరు నోటికి సులువుగా వస్తుంది, మనవాళ్ల ఊరి పేరు రాదు.

ఆ ఫార్వర్డు కింద ఒక సహోదరుడు, ఇలాంటి పాపాల వల్లనే మన అనంతపురానికి వాన లేదని రాశాడు. దీనికి మాత్రం సూటిగా జవాబు చెప్పాలి. మనకు పడేది ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు అక్కడే పిండేసుకుంటాయి, ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. బడిలో చెప్పిందే. మెకాలే 1837లో ముసాయిదా రాసిన శిక్షాస్మృతి, అందులోని 377తో కలిపి, 1862లో అమలుకు వచ్చింది. ఆ చట్టం బ్రహ్మాండంగా అమల్లో ఉండగానే 1876-78 కరువులో మన సీమ శ్మశానమైంది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఆ నేరాన్ని ఎత్తేసింది. మూడేళ్లకు, 2021 నవంబరులో, చిత్రావతి ఎలా పొంగిందో మీరంతా చూశారు. ఆ సహోదరుని లెక్క ప్రకారం దీనికి అర్థమేమిటి? ఆ మాట నేను అనను, దేవుని వానను ఇలాంటి తక్కెడలో తూచకూడదు. కానీ తూచడం మొదలుపెట్టింది ఆయనే.

బౌద్ధులు మనకు పూర్తిగా పరాయివాళ్లూ కాదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండలమీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. దారి పొడుగునా మనుషులకూ పశువులకూ నీడకు చెట్లు నాటించి, బావులు తవ్వించానని వాటిలో చెప్పుకున్నాడు. ఆ బావి దగ్గర నువ్వెవడివని అడిగి నీళ్లు పోయమన్నట్టు ఎక్కడా లేదు. ఈ ఎండ దేశంలో నీళ్ల విలువ తెలిసిన మనం ఆ ఒక్క పనిలోనైనా ఆ రాజుకంటే తక్కువ కాకూడదు.

భూటాన్ దూరం. గుంతకల్లు దగ్గర. గుంతకల్లు, ధర్మవరం మీదుగా పోయే రైళ్లలో చప్పట్లు కొట్టుకుంటూ వచ్చే హిజ్రాలను చూసి మన విశ్వాసులు ఏం చేస్తారు? పది రూపాయలు పారేసి మొహం తిప్పుకుంటారు, లేదా నిద్ర నటిస్తారు. వాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఇల్లు ఎవరిస్తారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అడిగినవాళ్లు ఎందరు? నిజాం ఏలుబడిలో 1919లో వచ్చిన చట్టం ఒకటి, ఆడవేషంలో బయట కనబడితే వాళ్లను వారంటు లేకుండా పట్టుకోవచ్చని చెప్పింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో, అంటే నిన్నగాక మొన్న. డాలర్లున్న తెల్లవాడికి కొండల్లో గైడు దొరుకుతాడు. మన రైల్లో బిచ్చమెత్తుకునే మనిషికి దొరికేది "కొజ్జా" అన్న మాట. మన పిల్లలు బడిలో మెత్తగా మాట్లాడే కుర్రాడిని "తేడా" అని ఏడిపిస్తారు, ఆ మాట వాళ్లు ఇంట్లోనే నేర్చుకుంటారు.

అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు కూడా ప్రయాణికుడే. యెరూషలేముకు ఆరాధించడానికి పోయాడు. ద్వితీయోపదేశకాండము 23 ప్రకారం అతన్ని సమాజంలోకి రానివ్వరు. అయినా పోయాడు, రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ తిరిగి వస్తున్నాడు. త్రోవ చూపేవాడు లేకపోతే నాకెలా తెలుస్తుందని అడిగాడు. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు. గైడు అంటే అదీ. నీళ్లు కనబడగానే, నాకు బాప్తిస్మానికి అడ్డమేమిటన్నాడు. ఫిలిప్పు సంఘపెద్దల మీటింగు పెట్టలేదు. అతని చేతిలోని గ్రంథమే కొంచెం ముందుకు తిప్పితే 56వ అధ్యాయంలో, నపుంసకులకు కొడుకులూ కూతుళ్లకంటే గొప్ప పేరు తన మందిరంలో ఇస్తానని దేవుడు మాట ఇచ్చాడు.

"అయ్యగారు పాపాన్ని వెనకేసుకొస్తున్నారు" అని ఒకరిద్దరు అంటారని తెలుసు. వివాహం ఒక పురుషునికీ ఒక స్త్రీకీ అని ఈ పుల్పిట్ మీద నేను బోధించేది మీరు విన్నదే, దాన్ని మార్చలేదు. హైదరాబాదులో ఉండే సుప్రియో, అభయ్ అనే ఇద్దరు తమ పెళ్లికి చట్టం గుర్తింపు అడుగుతూ సుప్రీంకోర్టుకు పోయారు, 2023 అక్టోబరు 17న కోర్టు కుదరదంది. ఆ వాదన చట్టసభల్లో నడవనీండి. అన్నం పెట్టడానికి, గది ఇవ్వడానికి, ఎగతాళి మానడానికి మనకు ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. రోమా 1 చూపించేవాళ్లు ఆ అధ్యాయం చివరిదాకా చదవాలి. చాడీలు చెప్పేవాళ్లు, గర్విష్ఠులు, జాలి లేనివాళ్లు అదే జాబితాలో ఉన్నారు. కట్నం తీసుకున్నవాడిని, వడ్డీకి వడ్డీ వేసినవాడిని ముందు బెంచీలో కూర్చోబెడతాం. వాళ్లకు సొదొమ బొమ్మ పంపం.

ఇంకొక మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, బాప్తిస్మం తీసుకున్న దళితునికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. అందుకని మనలో ఎందరికి కాగితంమీద ఒకటి, మనసులో ఒకటి ఉందో దేవునికి తెలుసు. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం నోరు మూసుకొని బతకడం, ఆఫీసులో మెడలోని సిలువ చొక్కా లోపలికి తోసుకోవడం ఎంత బరువో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి మనం, ఇంకొకరు దాక్కొని బతుకుతుంటే నవ్వడం ఏం న్యాయం? భూటాన్ విశ్వాసి తన ఇంట్లో తలుపు వేసుకొని ప్రార్థించుకోవడం మనకు బాధ. తలుపు వేసుకొని బతికే ఇంకో మనిషికి ఆ దేశం తలుపు తీస్తే మనకు కోపం. ఈ రెండూ ఒకే నోట ఎలా వస్తాయి?

ఆ ఫార్వర్డు మన సంఘం గ్రూపులో ఇక పెట్టవద్దు. పెడితే తీసేస్తాను. భూటాన్ సంఘం కోసం బుధవారం ప్రార్థనలో ప్రత్యేకంగా సమయం పెట్టాం, అందరూ రండి. మందిరం పక్కన ఉన్న గది సంగతి కూడా చెప్పాలి. దారిన పోయేవాళ్లు రాత్రికి తల దాచుకోవడానికి ఎవరు అడిగినా, వాళ్లు ఎవరైనా సరే, తాళం ఇవ్వమని సంఘపెద్దలతో అన్నాను. హిజ్రాలు వస్తే ఊళ్లో పరువు పోతుందని ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ విషయం అందరి ముందూ పెడతాను. ఆ రోజు ఎవరూ తొందరగా వెళ్లిపోవద్దు.