కొలతలు ఎవరివి?

జాకెట్టు చంక దగ్గర పట్టేస్తే మనమేం చేస్తాం? టైలరు దగ్గరికి పరుగెడతాం. కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ లాగి సరిచేసి ఇస్తాడు. అదే చంద్రుడి మీద పట్టేస్తే?

అందుకే అక్కడికి తొడుక్కెళ్లే సూటుని ఇక్కడే తొడిగి చూస్తారు. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతే. 60 కిలోల మనిషి 10 కిలోలే తూగుతుంది. ఆ తేలికదనం భూమ్మీద ఎలా తెస్తారా అని నాకు వింతగా ఉండేది.

1960లలో అమెరికాలోని లాంగ్లీ కేంద్రంలో మనిషిని తాళ్లతో పక్కవాటుగా వేలాడదీసి, ఏటవాలు గోడ మీద నడిపించేవారు. బరువంతా తాళ్లు మోస్తే, కాళ్ల మీద ఆరో వంతే పడేది. ఇప్పుడు హ్యూస్టన్‌లో 62 మీటర్ల పొడవు, 12 మీటర్ల లోతున్న కొలనుంది. తేలకుండా, మునగకుండా సూటుకి బరువులు కట్టి, గంటల తరబడి నీళ్లలో పని చేయిస్తారు. చంద్రుడి కోసమైతే బరువులు మరికొన్ని పెంచుతారు.

ఇక్కడో మెలిక ఉంది. నీళ్లలో సూటు తేలుతుంది గానీ, లోపలి మనిషి బరువు పోదు. తలకిందులుగా పని చేస్తే ఒంటి బరువు భుజాల మీద పడుతుంది. సూటు పెద్దదైతే మనిషి లోపల అటూ ఇటూ జారుతుంది. కొలత తప్పితే ఆ కొలను దాచదన్నమాట.

అయినా ఏమైంది? అంతరిక్ష కేంద్రంలో వాడే సూట్లు 1970లలో రూపొందినవి. వాటిలో చిన్న సైజు మానేశారు. 2019 మార్చిలో ఆన్ మెక్‌క్లెయిన్, క్రిస్టీనా కోక్ కలిసి కేంద్రం బయటికెళ్లి పని చేయాల్సింది. ఇద్దరికీ మీడియమే నప్పింది. సిద్ధంగా ఉన్నదేమో ఒక్కటే! ఆన్ ఆగిపోయింది. ఆ ఏడాది అక్టోబరు 18న క్రిస్టీనా, జెస్సికా మెయిర్ కలిసి వెళ్లేదాకా, ఇద్దరాడవాళ్లు జంటగా బయటికెళ్లడమన్నదే జరగలేదు.

మార్చి వార్త విని మా ఇంట్లో "బట్టల దగ్గర ఆడవాళ్లతో ఇంతే" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అపోలో సూట్లు కుట్టింది ఆడవాళ్లే. లోదుస్తులు తయారుచేసే కంపెనీలో, వెంట్రుకవాసి తేడా రాకుండా కుట్టారు. వాటిని తొడుక్కుని చంద్రుడి మీద నడిచిన 12 మందీ మగవాళ్లు. చేతులు మనవి, కొలతలు వాళ్లవి!

ఇప్పుడు చంద్రుడి కోసం కొత్త సూట్లు తయారవుతున్నాయి. ఆడా మగా అందరికీ సరిపోతాయంటున్నారు. సంతోషమే. కానీ ఆ మాట నిజమో కాదో తేలాలంటే, పొట్టివాళ్లనీ సన్నటివాళ్లనీ కూడా ఆ నీళ్లలో దింపి చూడాలి.

అంతదూరం ఎందుకు? మా వంటగట్టు మేస్త్రీ తన నడుమెత్తు చూసుకుని కట్టాడు. ఏళ్ల తరబడి భుజాలెత్తి కూరలు తరుగుతున్నాను. "ఒకసారి ఇక్కడ నిలబడమ్మా" అని ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. సిమెంటు ఆరాక ఏం లాభం?

మీ ఇంట్లో గట్టు కట్టేటప్పుడైనా ముందు మీరెళ్లి నిలబడండి.