జనక్షయము – మతప్రచారము

జర్మనీ దేశమున 1972వ సంవత్సరము మొదలు ప్రతియేటను మరణములే జననములను మించుచున్నవి. పరదేశములనుండి వచ్చినవారే ఆ దేశపు జనసంఖ్యను నిలువబెట్టుచున్నారు. అచటి క్రైస్తవసంఘములును క్షీణించుచున్నవి. ఒక్క 2022లోనే 5 లక్షల 22 వేలమందికి పైగా రోమను కథోలిక సంఘమును విడిచిపోయిరి. మనకు మతబోధకులను పంపిన దేశములలో నిదియు నొకటి. 1876లో బ్రెక్లుమ్ గ్రామమున స్థాపితమైన లూథరన్ మిషను 1882లో జయపురసీమకు బోధకులను పంపి, పిదప సాలూరు, పార్వతీపురములలో నెలకొన్నది.

మనల నుద్ధరింపవచ్చినవారి యింటనే దీపము పెట్టు దిక్కు లేకపోయెనని నవ్వువారు మనలో గలరు. ఆ నవ్వు మాకు రుచింపదు. స్త్రీకి సగటున 2.1 సంతానము లేనిదే జనసంఖ్య నిలువదు. జర్మనీలో 2023లో అది 1.35. ఆంధ్రప్రదేశమున 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము 1.7. దారి యొక్కటే, వారు ముందు, మనము వెనుక. మతము మార్చుకొనుటవలన జాతి తరిగిపోవుచున్నదనువారు ఈ యంకెను చూడవలెను. మతము మారినవాడు మతపు లెక్కలో మారునేగాని తెలుగువారి లెక్కలో తగ్గడు.

మిషనులు మన సీమలో వేరూనుటకు కారణమేమి? సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను వైద్యుడు బెన్ గల్లిసన్ కంటిచికిత్స చేయుచుండగా, ఆ పనికి తోడ్పడుటకై 1963లో కాల్గరీ నగరమున ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టినది. మన వృద్ధుల కన్నులు తెరచుటకు సముద్రముల కావలివారు చందాలు వేసికొనిరి. ఆ వైద్యునిపై మాకు కోపము లేదు. ఆ పనిని పరులకు విడిచిన మన సంపన్నులపైననే మా కోపము. చికిత్సకు మతమును వెలగా నడుగుట తప్పు. చికిత్సయే చేయకుండుట అంతకంటె పెద్ద తప్పు.

1994లో మన ప్రభుత్వము, ఇద్దరికి మించి కన్నవారు స్థానికసంస్థల ఎన్నికలకు నిలువరాదని శాసించినది. 2024 నవంబరులో ఆ నిబంధనను రద్దుచేసినది. ముప్పదియేండ్లు కనవద్దనిన పాలకులు నేడు కనుడని బోధించుచున్నారు. కన్నబిడ్డలు ఎచట బ్రదుకవలెనో మాత్రము చెప్పరు. నౌపడ, పలాస స్టేషనులలో నిలిచి చూడుడు. ఉద్దానపు యువకులు మూటలు కట్టి హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు పోవుచున్నారు. మన మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవునకు పోవుచున్నారు. అచటినుండి వేటకు వెడలి 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కిన ఉత్తరాంధ్రులు 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని కూలద్రోసినది. మూత్రపిండవ్యాధి ఇల్లిల్లును కృశింపజేయుచున్నది. దాని కారణము నేటికిని నిశ్చయముగ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల వైద్యశాలయు, హీరమండలపు నీటి పథకమును ప్రారంభమైనవి. మంచిదే. కాని వైద్యశాల రోగిని ఆదుకొనును; రోగము రాకుండ కాపాడుట వేరు.

కావున మా మాట యిది. బిడ్డలను కనుడని తల్లులకు బోధించుటకు ముందు, ప్రతి గ్రామమునను వేళ తప్పని రక్తపరీక్షయు, మంచినీరును, జీడిపప్పు పనివారికిని ఉప్పుమళ్ల కూలీలకును కడుపునిండు కూలియు నిలువబెట్టుడు. పరమతనింద మాని, మన పఠనమందిరములనుండి పదిమంది యువకులు రోగుల యిండ్లకు నడువవలెను. శాసనమును మార్చుట సులభము. నీటిని మార్చుట కష్టము. ఆ కష్టమైన పనియే జాతిని నిలుపును.