నూనెలో దాగిన గంధకం – పరీక్షా ఫలితాలు కార్మికుల ముందుంచాలి

సూరత్ అనగానే మనకు స్ఫురించేవి మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు కోసం తరలివెళ్ళిన మన నేత కార్మికుల కుటుంబాలు వేల సంఖ్యలో లింబాయత్ తదితర ప్రాంతాలలో స్థిరపడి ఉన్నాయి. వారిని స్వస్థలాలతో కలిపే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నడిచేది విద్యుత్తు మీద. వారు ఇంటికి పంపే డబ్బు జమ అయ్యే తపాలా కార్యాలయంలో కంప్యూటరు పనిచేసేది విద్యుత్తు మీద. మగ్గం ఆడేదీ విద్యుత్తు మీదనే. ఈ మూడింటికీ ఆధారమైన ట్రాన్స్‌ఫార్మరు గురించి, దానిలోని నూనె గురించి ఈ సంచికలో చర్చించదలిచాము. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని కొందరు భావించవచ్చు. కానీ ఇది మన ప్రాణాలకు సంబంధించిన విషయమని మేము భావిస్తున్నాము.

ట్రాన్స్‌ఫార్మరులో రాగి తీగ చుట్లకు కాగితం చుట్టి, వాటిని ఖనిజ నూనెలో ముంచి ఉంచుతారు. ఆ నూనె రెండు పనులు చేస్తుంది: వేడిని బయటకు చేరవేస్తుంది, విద్యుత్తు దారి తప్పకుండా కాగితంతో కలిసి అడ్డుగోడగా నిలుస్తుంది. ముడి చమురు నుండి తీసిన నూనెలో గంధకపు సమ్మేళనాలు కొంత ఉండడం సహజం. వాటిలో చాలావరకు హాని చేయవు. కొన్ని మాత్రం వేడిమి వద్ద రాగితో కలిసి కాపర్ సల్ఫైడ్‌గా మారుతాయి. వెండి పట్టీలు నల్లబడడం మన ఇళ్ళలో అందరమూ చూసినదే. ఆ నలుపు గంధకం చేసిన పనే. అటువంటి మార్పే ట్రాన్స్‌ఫార్మరు లోపల రాగికి జరిగి, ఆ నల్లటి పదార్థం కాగితంలోకి ఇంకినప్పుడు అడ్డుగోడ కాస్తా విద్యుత్తుకు దారి అవుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది.

2000 తర్వాతి సంవత్సరాలలో బ్రెజిల్‌లోనూ మరికొన్ని దేశాలలోనూ అధిక వోల్టేజి రియాక్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఈ కారణంగానే విఫలమయ్యాయి. డైబెంజైల్ డైసల్ఫైడ్ అనే సమ్మేళనం ప్రధాన దోషి అని పరిశోధనలో తేలింది. ఇక్కడ కార్మికవర్గం ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటున్నది. అలా విఫలమైన వాటిలోని నూనెలు అనేకం నాటి ప్రమాణాల ప్రకారం పరీక్షలో నెగ్గినవే! రాగి రేకును 140 డిగ్రీల వేడి నూనెలో 19 గంటలు ఉంచే ఆ పాత పరీక్ష ఈ దోషాన్ని పట్టుకోలేకపోయింది. 2006లో 150 డిగ్రీల వద్ద 48 గంటల పరీక్షా, 2008లో కాగితం చుట్టిన రాగిని 72 గంటలు ఉంచే అంతర్జాతీయ పరీక్షా వచ్చాయి. 2012 నాటి అంతర్జాతీయ ప్రమాణం కొత్త నూనెలో ఈ సమ్మేళనం కనుగొనదగినంత, అంటే కిలోకు 5 మిల్లీగ్రాములు కూడా, ఉండరాదని నిర్దేశించింది. మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 335ను 2018లో దీనికి అనుగుణంగా సవరించారు.

అంటే, అంతకు ముందు నింపిన నూనెకు ఉన్న ధ్రువపత్రం మేడిపండు వంటిది కావచ్చు. మన ట్రాక్షన్ సిబ్బంది క్రమం తప్పక చేసే బి.డి.వి. పరీక్ష నూనెలోని తేమనూ మలినాలనూ తెలుపుతుందే గాని ఈ గంధకాన్ని పట్టివ్వదు. నూనెలో కరిగిన వాయువుల విశ్లేషణ కూడా పెక్కు సందర్భాలలో ముందస్తు హెచ్చరిక ఇవ్వలేదు. కాగితాల మీద అంతా సవ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరే ఒకనాడు పేలవచ్చు.

సూరత్ మీదుగా పోయే ముంబయి–వడోదర మార్గంలో చాలా భాగం 1970ల దశకంలో 25 కిలోవోల్టుల విద్యుదీకరణ పొందినది. రద్దీ అపారం, వేసవి తీవ్రం. బండి దగ్గరపడినప్పుడల్లా ట్రాక్షన్ ట్రాన్స్‌ఫార్మరు మీద భారం ఎగసిపడుతుంది. వేడిమి పెరిగినకొద్దీ గంధకపు చర్యా వేగం పుంజుకుంటుంది. వేల లీటర్ల నూనె ఉన్న తొట్టి పగిలి మంటలు లేచిననాడు దాని ప్రక్కన ఉండేది ఎవరు? ఉష్ణోగ్రత నమోదు చేయడానికో, సిలికా జెల్ మార్చడానికో వెళ్ళిన సిబ్బంది. నూనె వడపోయడానికి వచ్చిన కాంట్రాక్టు కూలీ. విద్యుత్తు లేక కౌంటరు నిలిచిపోతే ప్రజల కోపాన్ని ఎదుర్కొనేది ఎవరు? తపాలా గుమాస్తా. చవుక నూనె కొని పొదుపు చేశామని చెప్పుకునేది ఒకరు. దాని మూల్యం చెల్లించేది మరొకరు.

నివారణ మార్గాలు లేకపోలేదు. రాగి మీద రక్షణ పొరగా ఏర్పడే పాసివేటర్ అనే రసాయనాన్ని నూనెలో కలపవచ్చు. కానీ అది కాలక్రమేణా తరిగిపోతుంది గనుక పదే పదే పరీక్షించాలి. అప్పటికే కాగితంలో చేరిన సల్ఫైడ్‌ను అది తొలగించజాలదు. నూనె పూర్తిగా మార్చవచ్చు. అప్పుడు కూడా కాగితంలో పీల్చుకొని ఉన్న పాత నూనె కొంత మిగులుతుంది. పాత నూనెను శుద్ధి చేసి తిరిగి వాడేటప్పుడు ఆ ప్రక్రియ సరిగా లేకపోతే కొత్తగా గంధకపు దోషం ఏర్పడి, టాప్ ఛేంజర్‌లోని వెండి పూత గల కాంటాక్టులు దెబ్బతినవచ్చు. కాబట్టి శుద్ధి చేసిన నూనెకు కూడా పూర్తి పరీక్షలు జరిపి తీరాలి.

ఈ పరిస్థితులలో మేము కోరుతున్నవి నాలుగు. ఒకటి: పాత ప్రమాణాల కాలంలో నింపిన నూనెతో నడుస్తున్న ప్రతి ట్రాన్స్‌ఫార్మరులోనూ గంధకపు పరీక్ష జరపాలి, అధిక భారం మోసేవాటితో మొదలుపెట్టాలి. రెండు: కొత్తగా వచ్చిన ప్రతి విడత నూనెకూ, ఏ పద్ధతిలో పరీక్షించారో స్పష్టంగా పేర్కొనే ఫలితాల పత్రాన్ని సబ్‌స్టేషన్ నోటీసు బోర్డుపై ఉంచాలి. మూడు: నూనె పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులకు శాశ్వత సిబ్బందితో సమానంగా రక్షణ పరికరాలు, శిక్షణ ఇవ్వాలి. నాలుగు: భద్రతా కమిటీలలో యూనియన్ ప్రతినిధులకు ఈ ఫలితాలను ప్రశ్నించే హక్కు ఉండాలి.

వీటిలో జీతభత్యాల కోర్కె ఒక్కటీ లేదు. పరీక్షల ఖర్చు ట్రాన్స్‌ఫార్మరు ఖరీదు ముందు స్వల్పం. మనిషి ప్రాణం ముందు లెక్కలోకే రాదు. సూరత్ మొదలు విజయవాడ, కాజీపేట వరకు గల మా శాఖలన్నీ తమ తమ డివిజన్లలో ఈ ప్రశ్నను లేవనెత్తాలని విజ్ఞప్తి చేస్తున్నాము. “నూనె పరీక్షలో నెగ్గింది” అని అధికారులు జవాబిచ్చినప్పుడు “ఏ పరీక్షలో, ఏ సంవత్సరంలో?” అని ప్రతి శాఖా కార్యదర్శి తిరిగి అడగాలి. ఆ జవాబు లిఖితపూర్వకంగా చేతికి అందేవరకు ఈ విషయాన్ని విడిచిపెట్టరాదు.