గుండెపోటుకు మందు ప్రయాణానికి ముందే అందాలి

సంపాదకులకు,

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో వైద్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా అది కొత్త భవనాల చుట్టూ, పడకల సంఖ్య చుట్టూ, రోగిని కర్నూలుకో హైదరాబాదుకో ఎంత త్వరగా చేర్చవచ్చన్న ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది. గుండెపోటు విషయంలో ఈ ఆలోచనా క్రమమే తలకిందులుగా ఉన్నది. రోగి బతుకుతాడా లేదా అన్నది పెద్ద దవాఖాన గడప తొక్కడం కంటే ముందే, ఇంటికి దగ్గరలో అతని నోట్లో పడిన మాత్ర మీద, నరంలోకి ఎక్కిన సూదిమందు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని వైద్యశాస్త్రం నిరూపించి నాలుగు దశాబ్దాలు కావస్తున్నా, ఈ ప్రాంతపు ఆరోగ్య ప్రణాళికలలో ఆ సత్యానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనుల లోపలి గోడలో ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వుపొర ఒక్కసారిగా చిట్లినప్పుడు, గాయమైన చోట అతుక్కొని రక్తస్రావాన్ని ఆపే సూక్ష్మకణాలైన ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి గడ్డకట్టి దారిని మూసివేస్తాయి. ఆ గడ్డకు అవతల ఉన్న కండరం రక్తం అందక నిమిషనిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడానికి తోడ్పడే థ్రాంబాక్సేన్ అనే పదార్థం తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేనందువల్ల, దెబ్బతిన్న ఎంజైమును అది మళ్లీ తయారు చేసుకోలేదు. కాబట్టి ఒక్క మోతాదు ప్రభావం ఆ కణం బతికి ఉండే వారం పది రోజులూ నిలుస్తుంది. 1899లో బేయర్ సంస్థ జ్వరానికీ నొప్పికీ అమ్మడం మొదలుపెట్టిన ఈ మందు శరీరంలో ఎట్లా పనిచేస్తుందో 1971లో జాన్ వేన్ వెల్లడించాడు. ఆ కృషికి 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

1988లో వెలువడిన ఐసిస్-2 అనే పరీక్ష ఈ విషయంలో చివరి మాట వంటిది. పదహారు దేశాలలోని 417 ఆసుపత్రులలో, గుండెపోటు వచ్చినట్లు అనుమానించిన 17,187 మంది మీద జరిగిన ఆ పరీక్షలో, నెల రోజులు ఇచ్చిన ఆస్పిరిన్ ఒక్కటే ఐదు వారాలలో సంభవించే గుండె, రక్తనాళ సంబంధ మరణాలను 23 శాతం తగ్గించింది. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేస్ అనే సూదిమందు ఒక్కటే 25 శాతం, రెండూ కలిపి 42 శాతం తగ్గించాయి. వీటిలో మొదటిది రూపాయికి దొరికే గోలీ. దానిని వాడడానికి శస్త్రచికిత్స గది గాని, ఖరీదైన యంత్రం గాని అక్కరలేదు.

గద్వాల నుంచి కర్నూలు సుమారు 60 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి రాజధాని కొంత దగ్గరే అయినా, గట్టు, అయిజ వంటి నడిగడ్డ మండలాలలోనో, కొల్లాపూర్ నదీతీరంలోనో, అమ్రాబాద్ కొండమీది చెంచు పెంటలలోనో అర్ధరాత్రి ఛాతీ నొప్పి వచ్చిన మనిషికి ముందు వాహనం దొరకాలి, ఆ తర్వాతే జాతీయ రహదారి. మూసుకుపోయిన ధమనిని సన్నని గొట్టం ద్వారా తెరిచే యాంజియోప్లాస్టీ 120 నిమిషాలలోపు జరిగే వీలు లేనప్పుడు, గడ్డ కరిగించే సూదిమందును ఉన్నచోటనే ఇచ్చి ఆ తర్వాత రోగిని తరలించాలని ప్రపంచమంతటా హృద్రోగ నిపుణులు పాటించే సూత్రం చెబుతున్నది. ఈ మూడు జిల్లాలలోని చాలా గ్రామాలకు ఆ 120 నిమిషాల గడువు అందనిదే. అటువంటప్పుడు ఈసీజీ తీయకుండా, ఆస్పిరిన్ నమిలించకుండా, సూదిమందు ఇవ్వకుండా ‘పెద్ద దవాఖానకు తీసుకుపోండి’ అని చీటీ రాసివ్వడం ఎవరు చేసినా అది చికిత్స కాదు.

భారతదేశంలో 2001–2005 మధ్య 89 ఆసుపత్రులలో ఇరవై వేలకు పైగా హృద్రోగులను పరిశీలించిన క్రియేట్ అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేవరకు పట్టిన మధ్యస్థ కాలం, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ పట్టిన కాలం, ఆరు గంటలు. ముప్పై రోజులలో మరణించినవారు సంపన్నులలో 5.5 శాతం కాగా పేదలలో 8.2 శాతం, పేదలకు తక్కువగా అందిన చికిత్సలను లెక్కలోకి తీసుకొని సరిచూసినప్పుడు మాత్రం ఆ తేడా మాయమైపోయింది. పేదవాని గుండె బలహీనమైనది కాదు, అతనికి అందవలసిన మందు అందలేదు అన్నదే దాని అర్థం, పాలమూరు వంటి వలసల నేలలో పాలకులు మరువకూడని అంకె అదే.

ఆ ఆరు గంటలలో కొంత భాగం ‘గ్యాస్ పట్టింది’ అనుకొని సోడా తాగించడంలో, తెల్లవారనీ అని ఎదురుచూడడంలో, ఊరి ఆర్ఎంపీ చేత డైక్లోఫినాక్ వంటి నొప్పి సూది వేయించడంలో గడిచిపోతుంది. నొప్పి సూది గడ్డను కరిగించదు. ఆ జాతి మందులు గుండెకు అపాయాన్ని పెంచుతాయి కూడా. అయినా ఆర్ఎంపీలను తిట్టి ప్రయోజనం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వారే కనుక. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే సూది వేయకుండా 108కు ఫోన్ చేయాలని వారికీ ఆశా కార్యకర్తలకూ శిక్షణ ఇవ్వడం, ఫోన్లోనే వైద్యుడు అడిగి అనుమతించాక సుమారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నమిలించే ఏర్పాటు చేయడం సాధ్యమైన పనులు. నమలడం ముఖ్యం, ఎందుకంటే కడుపులో ఆలస్యంగా కరిగేట్లు పైపూత పూసిన మాత్రను మింగితే విలువైన సమయం పోతుంది.

వైద్యుణ్ణి అడగాలనడానికి కారణం ఉన్నది. మూతి వంకరపోవడం, కాలూచెయ్యీ పడిపోవడం పక్షవాతపు లక్షణాలు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా అవే కనిపిస్తాయి, చిట్లినా అవే కనిపిస్తాయి కాబట్టి, సీటీ స్కాన్ తీయక ముందు ఆస్పిరిన్ ఇస్తే రెండో రకం రోగికి రక్తస్రావం ముదురుతుంది. డెంగీ జ్వరంలోనూ ఆస్పిరిన్ ప్రమాదకరం. వైరల్ జ్వరాలలో పిల్లలకు ఇస్తే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. జబ్బు లేకున్నా ముందుజాగ్రత్తగా రోజుకో ఆస్పిరిన్ వేసుకునే అలవాటు పట్టణాలలో వ్యాపించింది. హృద్రోగం లేని 19,114 మంది వృద్ధులపై జరిగి 2018లో ఫలితాలు వెలువడిన ఆస్ప్రీ పరీక్షలో అటువంటి వాడకం వల్ల మేలు కనబడలేదు, తీవ్ర రక్తస్రావాలు మాత్రం పెరిగాయి.

అవసరం లేనివారు వేసుకుంటున్న ఇదే గోలీని అవసరమైనవారు మధ్యలో మానేస్తున్నారు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి వైద్యుడు వద్దనే వరకు చిన్న మోతాదు ఆస్పిరిన్, కొవ్వును తగ్గించే స్టాటిన్, రక్తపోటు మందులు అవసరం. ధమని తెరుచుకొని ఉండేందుకు స్టెంటు వేయించుకున్నవారు ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే మందులను తమంతట తాము ఆపితే ఆ స్టెంటులోనే గడ్డకట్టవచ్చు. 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనం ప్రకారం హృద్రోగమో పక్షవాతమో వచ్చినవారిలో ఇటువంటి ప్లేట్‌లెట్ల మందులు వాడుతున్నవారు సంపన్న దేశాలలో 62 శాతం ఉండగా, భారత్‌ను కూడా చేర్చి లెక్కించిన తక్కువ ఆదాయ దేశాలలో 8.8 శాతమే. ముంబైకో పుణేకో మట్టిపనికి వెళ్లే కుటుంబానికి నెల నెలా సొంత ఊరి ఉపకేంద్రానికి వచ్చి గోలీలు తీసుకోవడం కుదరదు. బయలుదేరేముందే మూడు నెలల మందులు, ఏ రాష్ట్రంలోనైనా చూపగలిగే చికిత్సా వివరాల కార్డు చేతికివ్వాలి.

చవకైన మందంటే చిన్న మందు అనే భావన కూడా పోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా అటువంటి చవక మందే, అది నేటికీ పిల్లల రక్తక్యాన్సరుకూ కీళ్లవాతానికీ పనిచేస్తున్నది. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు. మందు బలం దాని ధరలో లేదు, అది అందిన వేళలో, మోతాదులో ఉన్నది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ మూడు కళాశాలల వైద్యులు తమ జిల్లాలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి వచ్చే ఈసీజీలను రాత్రింబవళ్లు చూసి సలహా చెప్పాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో గడ్డ కరిగించే సూదిమందు నిల్వ ఉండాలి, దానిని ఇవ్వడంలో తర్ఫీదు పొందినవారు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి, నిల్వ ఎంత ఉన్నదో ఆసుపత్రి గోడమీద ప్రజలకు కనబడేట్లు రాయాలి. రానున్న బడ్జెట్‌లో ఇందుకు విడిగా నిధులు చూపించేట్లు మూడు జిల్లాల శాసనసభ్యులు, కలెక్టర్లు, వైద్యాధికారులు వెంటనే కలిసి ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాలని విజ్ఞప్తి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వనపర్తి.