ఇంటిలోని పగడపుతొట్టి

ఉక్కునగరమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమారుడు ఇంట నుప్పునీటి గాజుతొట్టిని నిలిపి, దానిపై కన్నులు జిగేలుమను దీపములు కట్టినాడట. అందు సులభముగా బ్రదుకు పగడము లెవ్వి యని యామె ప్రశ్న. మా యింటను అట్టి తొట్టి కొన్నియేండ్లుగా నున్నది గావున తెలిసినంత వ్రాయుచున్నాము.

సోదరీమణులారా! కావ్యములందు ప్రవాళమనియు విద్రుమమనియు చదివి, సుందరుల పెదవులకు పోల్చుటయే మన మెఱుగుదుము. నవరత్నములలోని యా యెఱ్ఱపగడము రోమకుల కాలముననే మధ్యధరా సముద్రమునుండి మన దేశపు రేవులకు వచ్చెడిది. అది చెట్టు కాదు, జంతువే యని 18వ శతాబ్దిలో పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు చెప్పినపుడు పండితులు నమ్మరైరి. తొట్టిలో పెంచు పగడములు వేఱు. వీని శరీరమున సూక్ష్మమైన నాచు కాపురముండి, వెలుతురు సాయమున వండి పెట్టుచుండును. దీపమునకు గల ప్రాధాన్య మిదియే.

మొదట చట్టము మాట. గట్టిపగడములు, నల్లపగడములు, అగ్నిపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు—వీనినన్నిటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. మన్నారు సింధుశాఖనుండి గాని, అండమానులనుండి గాని తెచ్చినదని యెవరైన చవుకగా నమ్మజూపిన, పులిపిల్లను కొన్నట్లే యని యెంచుడు. కావున మనకు మెత్తపగడములే గతి. అదృష్టవశమున గట్టిప్రాణము గలవియు నవియే.

వానిలో మేము మొదట చెప్పునది తోలుపగడము. పెద్ద కుక్కగొడుగువలె నుండి, ప్రకాశమును బాగుగ నోర్చును. అప్పుడప్పుడు కొన్నిదినములు ముడుచుకొని, మెఱుగు తప్పి, పాము కుబుసము విడిచినట్లు పలుచని పొరను విడుచును. మా యింట మొదటిసారి చచ్చినదని తలచి పాఱవేయబోయితిమి! పచ్చనక్షత్రపు పగడమును మంచిదే గాని, గడ్డివలె ప్రాకును; వేఱొక ఱాతిపై నుంచవలెను. పుట్టగొడుగు పగడమునకు నీడపట్టే యిష్టము. ఏదైనను తెచ్చినవెంటనే దీపముక్రింద పెట్టరాదు. అడుగున నుంచి, కొన్ని వారములలో మెల్లమెల్లగా పైకి జరుపవలెను. లేనిచో నాచు వెడలిపోయి తెల్లబాఱును.

గుండీలవలె రంగురంగులుగా నుండు జొవాంథిడ్ల విషయమున మాత్రము జాగ్రత్త. ఆటుసమయమున మన తీరపు బండలనడుమ నీటిగుంటలలోను ఇట్టివి కానవచ్చును. పిల్లలు పెఱికి తేకుండ చూడుడు. వీనిలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. మన యాడువారికి మురికి కనబడిన వేడినీళ్లు పోసి తోముట యలవాటు గదా! ఆ ఱాతిపై వేడినీరు పోయగా లేచిన యావిరి పీల్చి, విదేశములలో కుటుంబములకు కుటుంబములే ఆసుపత్రి పాలైనవి. చేతితొడుగులు లేక ముట్టరాదు; ఆ చేతితో కన్ను నలుపరాదు. చిన్నపిల్లలున్న యింట నసలే వలదని మా యభిప్రాయము.

ఇక మన విశాఖ వేసవి. నీరు 25, 26 డిగ్రీల నుండవలెను. 30 దాటి నిలిచిన పగడము తెల్లబాఱును. నీటిపైకి చిన్న విసనయంత్రమును త్రిప్పిన కొంత చల్లబడును గాని, నీరు త్వరగా నింకును. ఇందు మేము చేసిన తప్పు వినుడు. తగ్గిన నీటికి మరల నుప్పునీరే పోయుచు వచ్చితిమి. ఆవిరియగునది నీరేగాని యుప్పు కాదు గదా! మఱుగుచున్న పులుసులో నీళ్లకు బదులు మరల నుప్పే వేసినట్లయినది. ఒక తోలుపగడము నశించిన పిదప గాని మాకు తెలివి రాలేదు. శుద్ధిచేసిన మంచినీరే పోయవలెను. మొదట కలుపు నుప్పు వంటయింటిది పనికిరాదు. తొట్టులకై యమ్ము సముద్రలవణమే కావలెను. రేవుదగ్గఱ ముంచిన నీటిలో నూనెయు మురికియు నుండవచ్చును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినపుడు మన నగరమున దినములతరబడి విద్యుత్తు లేదు. నీటి కదలిక యాగిన తొట్టి కొన్నిగంటలలోనే చెడును. అందుచే ఆ సోదరి పగడము కొనుటకు ముందే బ్యాటరీతో నడచు గాలిపంపు నొకటి కొనవలెను. తొట్టి నిలిపి రెండుమాసములైన గడచిన పిమ్మట నొక్క తోలుపగడమును మాత్రము తెచ్చి, అది నిలద్రొక్కుకొన్నదో లేదో మాకు వ్రాయగోరుచున్నాము.