మనిషి నిలబడే చోటు నుంచే మొదలవ్వాలి

షికాగో, టొరంటో లాంటి నగరాల్లో జనవరిలో లారీల మరమ్మతు గ్యారేజీ నడపడం తేలిక కాదు. కప్పు ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఉంటుంది. షట్టరు లేచిన ప్రతిసారీ లోపలి వెచ్చటి గాలి బయటికి పోయి, గడ్డకట్టించే గాలి లోపలికి దూరుతుంది. వేడిగాలి ఊదే యంత్రాలు పెడితే ఆ గాలి నేరుగా కప్పు కిందికి చేరుతుంది. కింద మెకానిక్ వేళ్లు మాత్రం కొంకర్లు పోతూనే ఉంటాయి. అందుకే అక్కడ గ్యాస్‌తో పనిచేసే రేడియంట్ ట్యూబ్ హీటర్లు వాడుకలోకి వచ్చాయి. ఒక చివర బర్నరు, సుమారు 4 అంగుళాల వ్యాసమున్న పొడవాటి ఉక్కు గొట్టం, దాని మీద మెరిసే అల్యూమినియం రిఫ్లెక్టరు, రెండో చివర పొగ బయటికి పోయే దారి, ఇంతే దాని నిర్మాణం. కాలిన గొట్టం వేడిని కిరణాలుగా కిందికి పంపుతుంది. ఆ కిరణాలు మధ్యలోని గాలిని పెద్దగా వేడెక్కించకుండా నేలను, యంత్రాలను, మనిషిని తాకుతాయి. ఇంత మంచి పద్ధతిని తరచూ పాడుచేస్తున్నది దాని అమరిక. హీటర్లు ఎక్కడ వేలాడాలన్నది భవనం ప్లాను అంతా ఖాయమయ్యాక చివర్లో తేల్చే విషయం కాదని, మనుషులు ఎక్కడ పనిచేస్తారో గుర్తించిన రోజే తేల్చాల్సిందని నా వాదన.

సులువైన దారి అందరికీ తెలిసిందే. నేల విస్తీర్ణం తీసుకుని, చదరపు అడుగుకు ఇంత వేడి అని ఒక అంకెతో హెచ్చించి, వచ్చిన మొత్తాన్ని బర్నర్లకు పంచి, గొట్టాలను సమాన దూరాల్లో గీసేయడం. కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ గొట్టం తన పొడవునా ఒకేలా కాలదు. బర్నరు దగ్గర 500 డిగ్రీల సెల్సియస్ ఉండి, పొగ వెళ్లే చివర 200 డిగ్రీలకు దిగిందనుకుందాం. కిరణాల రూపంలో వెలువడే వేడి పరమ ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి ఆ రెండు చోట్ల మధ్య తేడా దాదాపు 7 రెట్లు. అంటే అదే గొట్టం కింద ఒకరి నెత్తి మాడుతుంటే ఇంకొకరు స్వెటరు విప్పలేరు. పైగా చలిమంట ముందు నిలబడ్డప్పుడు ముఖం కాలుతూ వీపు వణికినట్టే, ఒకే వైపు నుంచి పడే వేడి ఒంటికి హాయినివ్వదు. అందుకే వేడెక్కువగా ఉండే బర్నరు చివరను చలి ఎక్కువగా దూరే షట్టర్ల వైపు, బయటి గోడల వైపు ఉంచాలి. వేడి సమంగా పడాల్సిన చోట గొట్టాన్ని యు ఆకారంలో వెనక్కి తిప్పాలి. పనిబల్లలకు రెండు పక్కల నుంచీ కిరణాలు అందేలా చూడాలి. ఇలా చేస్తే గాలిని అంత వేడి చేయాల్సిన పనే ఉండదు. గాలి 14 డిగ్రీలే ఉన్నా, చుట్టూ ఉన్న ఉపరితలాల నుంచి ఒంటికి అందే వేడి సగటున 22 డిగ్రీలకు సమానమైతే, గాలి కదలిక తక్కువగా ఉన్న చోట మనిషికి 18 డిగ్రీల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. గ్యాస్ ఆదా అయ్యేది అక్కడే.

భద్రత సంగతి ఇంకా గట్టిది. షట్టరు పైకి చుట్టుకున్నప్పుడు, లిఫ్టు మీద లారీ లేచినప్పుడు, క్రేన్ అటూ ఇటూ కదిలినప్పుడు గొట్టానికీ వాటికీ ఎంత ఎడం మిగులుతుందన్నది ఖాళీ ప్లానులో కనబడదు. అమెరికాలో విమానాల హ్యాంగర్లకు వర్తించే ఎన్ఎఫ్‌పీఏ 409 ప్రమాణం, వేలాడే హీటరు లోపల నిలిపే విమానాల్లో అన్నిటికన్నా ఎత్తైన రెక్క పైభాగానికి కనీసం 10 అడుగుల పైన ఉండాలంటుంది. కొలత నేల నుంచి కాదు, రెక్క నుంచి. గొట్టం సాగడాన్నీ మరవకూడదు. 18 మీటర్ల ఉక్కు గొట్టం సగటున 300 డిగ్రీలు వేడెక్కితే 6 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. గొలుసులతో వేలాడదీయడానికీ, గ్యాస్ లైను చివర వంగే కనెక్టరు పెట్టడానికీ కారణం ఇదే. బిగించి కట్టిన గొట్టం ఏదో ఒక రోజు అతుకు దగ్గరే తెగుతుంది.

గోదాము కట్టేవాళ్లు దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు: అద్దెకు ఎవరొస్తారో తెలియనప్పుడు మనుషుల చోటు ఎలా గుర్తించాలి? నిజమే, ర్యాకులు మారతాయి. అయితే లోడింగు ద్వారాలు, బయటి గోడలు, క్రేన్ పట్టాలు మారవు. వాటి దగ్గర అమరికను ఖాయం చేసి, మధ్య భాగానికి గ్యాస్ లైను, పొగదారి మాత్రం సిద్ధంగా ఉంచి, అద్దెదారు వచ్చాక మిగతాది పూర్తిచేయవచ్చు. డిజైను ఖర్చు పెరుగుతుందన్న మాట కూడా ఒప్పుకుంటాను. కానీ అది ఒక్కసారి పెట్టే ఖర్చు, గ్యాస్ బిల్లు ఏటా వస్తుంది.

వాతావరణం గురించి ఆలోచించేవారు అసలు గ్యాసే వద్దంటారు. కొత్త భవనాల్లో దాన్ని తగ్గించడానికి న్యూయార్క్ రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. ఆ దారిని నేను కాదనను. అయితే రేపు కరెంటుతో పనిచేసే రేడియంట్ హీటర్లు వచ్చినా కిరణాల లెక్క, ఎడం లెక్క ఇవే. ఇప్పటికే బిగించి ఉన్న గొట్టాలు మండినన్నాళ్లూ తక్కువ గ్యాస్‌తో సరిపెట్టాల్సిందే. ఆ దేశాల భవనాల డ్రాయింగుల్లో కొన్ని హైదరాబాద్ ఆఫీసుల్లోనూ తయారవుతున్నాయి కనుక ఇది మన ఇంజినీర్ల బల్ల మీది విషయం కూడా. క్లయింటు పంపిన ప్లానులో షట్టరు తెరిచినప్పటి స్థానం, లిఫ్టు ఎత్తు, మనుషులు నిలబడే చోట్లు లేకపోతే, హీటర్లు గీయడం ఆపి ఆ మూడింటినీ రాతపూర్వకంగా అడగాలి.